చదువు ఆగిపోయిన చోటు నుంచి: దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మనలో ఎవరికీ కొత్త కాదు. హైదరాబాద్‌లో విద్యానగర్ వైపు వెళ్తే ఆవిడ పేరుతో హాస్పిటల్ ఉంది. ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో ఆవిడ పేరుతో ఒక స్టేషనే ఉంది. సోషల్ పుస్తకంలో స్వాతంత్ర్య సమరయోధురాలు, సంఘసేవకురాలు అని రెండు ముక్కలు ఉంటాయి. పరీక్షకి అవి చాలు.

కానీ ఆవిడ జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా వరసగా చూస్తే, ఆ రెండు ముక్కల్లో అసలు విషయం జారిపోయిందని అర్థమవుతుంది. ఆవిడ జీవితమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. చదువు మధ్యలో ఆగిపోయి, ఆస్తి లేక, ఎవరో ఒకరి మీద ఆధారపడి బతికే ఆడమనిషి చేతికి సొంత సంపాదన ఎలా వస్తుంది? ఈ రోజు మనం విమెన్ ఎంపవర్‌మెంట్ అని పోస్టర్లు వేస్తున్నాం, ఈ-సెల్ ఈవెంట్లు పెడుతున్నాం. ఆవిడ ఈ ప్రశ్నకి జవాబు వెతకడం మొదలుపెట్టేటప్పటికి దేశానికి ఇంకా స్వాతంత్ర్యం కూడా రాలేదు.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసేశారు. అప్పట్లో అది వింత కాదు. వింత ఏంటంటే, పెద్దయ్యాక ఆ అమ్మాయి ఈ కాపురం నాకొద్దని చెప్పేసింది. అంతకంటే వింత, తండ్రీ తమ్ముడూ ఆ మాటకి అడ్డు చెప్పకుండా తోడు నిలబడ్డారు. ఆ కాలంలో అలా చెప్పి బయటపడిన ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు? చాలామందికి చెప్పాలనే ఉండి ఉంటుంది. కానీ చెప్పాక ఎక్కడ ఉండాలి, ఏం తినాలి? దుర్గాబాయికి పుట్టిల్లు ఉంది. అది లేనివాళ్ళ గురించి ఆవిడ తర్వాత జీవితమంతా ఆలోచించారు.

పన్నెండేళ్ళ వయసులో స్కూల్ మానేశారు. చదువు ఇష్టం లేక కాదు. ఇంగ్లీషు చదువు మన మీద రుద్దుతున్నారని నిరసనగా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాలాంటివాళ్ళకి ఈ విషయం చదవగానే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అయితే ఆవిడ మానేసి ఇంట్లో కూర్చోలేదు. తను హిందీ నేర్చుకుని, ఆడపిల్లల కోసం బాలికా హిందీ పాఠశాల మొదలుపెట్టారు. పాఠం చెప్పించుకోవాల్సిన వయసులో తనే టీచరమ్మ అయ్యారన్నమాట.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. అప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. ఊళ్ళో ఉన్న దేవదాసీలు, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలు గాంధీగారిని కలవాలని ఆ పిల్ల పట్టుదల. సభ ఏర్పాట్లు చూసే పెద్దలు, అయిదు వేల రూపాయలు విరాళం తెస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారు. ఆ రోజుల్లో అయిదు వేలంటే చాలా పెద్ద మొత్తం. ఆ పిల్ల దాని కోసం జమీందార్ల ఇళ్ళ చుట్టూ తిరగలేదు. నేరుగా దేవదాసీల దగ్గరికే వెళ్ళి అడిగింది. డబ్బు వచ్చింది, సభ జరిగింది. గాంధీగారి హిందీ మాటల్ని తెలుగులో చెప్పింది కూడా ఆ పిల్లే. సమాజం చిన్నచూపు చూసే స్త్రీలని జాలి పడాల్సినవాళ్ళుగా కాకుండా, పని జరిపించగలిగినవాళ్ళుగా చూడటం ఆవిడకి అప్పుడే అలవాటైంది.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు జరిగిన కథ చాలామంది వినే ఉంటారు. ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడిన పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టికెట్ లేదని నెహ్రూగారిని ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. ఆయన కోప్పడలేదు సరికదా, మెచ్చుకున్నారు. ఈ కథని సరదాగా చెప్పుకుని వదిలేస్తాం. ముప్పై ఏళ్ళ తర్వాత అదే నెహ్రూ ప్రభుత్వంలో ఆవిడ ఒక పెద్ద పని చేపట్టారు కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది.

1930లో ఉప్పు సత్యాగ్రహం. మద్రాసులో ఆవిడ ముందు నిలబడ్డారు, అరెస్టయ్యారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకి వెళ్ళారు. వెల్లూరు జైల్లో, మధురై జైల్లో ఉన్నారు. మధురైలో ఒంటరి గదిలో పెట్టారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. కానీ ఆవిడ జీవితం మలుపు తిరిగింది కూడా జైల్లోనే. అక్కడ మామూలు నేరాల మీద శిక్ష పడిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి చదవడం రాదు, రాయడం రాదు. తమ మీద పెట్టిన కేసేంటో, కోర్టులో ఏం జరిగిందో కూడా కొందరికి సరిగ్గా తెలీదు. వాళ్ళ తరఫున మాట్లాడాలంటే ముందు తను లా చదవాలని దుర్గాబాయి అనుకున్నారు.

ఇక్కడ ఒక చిక్కుంది. లా చదవాలంటే డిగ్రీ కావాలి. డిగ్రీకి ఇంటర్ కావాలి, ఇంటర్‌కి మెట్రిక్ కావాలి. ఆవిడేమో పన్నెండేళ్ళకే స్కూల్ మానేసిన మనిషి. వయసు ఇరవై నాలుగు దాటింది. ఇంత దేశసేవ చేసినా, ఇంత తెలివి ఉన్నా, ఆ ఒక్క కాగితం లేకపోతే గేటు తెరుచుకోదు. కాకినాడ ఎగ్జిబిషన్ గేటు దగ్గర టికెట్ అడిగిన మనిషికి ఇప్పుడు ఇంకో గేటు దగ్గర టికెట్ కావాల్సి వచ్చింది.

బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్‌ని ప్రైవేటుగా రాసే వీలుండేది. ఆవిడ ఆ దారి పట్టుకుని పాసయ్యారు. ఇంటర్ కూడా అయ్యాక బీఏ ఆనర్స్ కోసం వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడ వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డిగారికి ఒక అభ్యంతరం. అమ్మాయిలకి హాస్టల్ లేదు, సీటిస్తే ఎక్కడ ఉంటారు? దుర్గాబాయి పేపర్లో ప్రకటన ఇచ్చారు. తనలాగే హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ముందుకొచ్చారు. అందరూ కలిసి ఒక చోటు చూసుకుని తామే హాస్టల్ పెట్టుకున్నారు. ఇక కాదనడానికి ఏమీ మిగల్లేదు, సీటు వచ్చింది. రాజనీతి శాస్త్రంలో డిగ్రీ పూర్తి చేసి, 1942లో మద్రాసులో లా డిగ్రీ తీసుకుని లాయరయ్యారు.

ఈ హాస్టల్ సంగతి చిన్నదిగా అనిపించొచ్చు. కానీ ఆవిడ పద్ధతంతా ఇందులోనే ఉంది. అమ్మాయిలు ఎందుకు చదవట్లేదని అడిగితే మామూలుగా వచ్చే జవాబు, వాళ్ళకి ఆసక్తి లేదని. ఆవిడ చూసింది వేరు. ఆసక్తి ఉంది. మధ్యలో ఎక్కడో ఒక మెట్టు విరిగి ఉంది. ఒక చోట అది హాస్టల్, ఇంకో చోట మెట్రిక్ సర్టిఫికెట్, మరో చోట పిల్లల్ని చూసుకునే మనిషి లేకపోవడం. విరిగిన మెట్టు ఏదో కనిపెట్టి దాన్ని బాగుచేస్తే మిగతా మెట్లు వాళ్ళే ఎక్కుతారు. మన భాషలో చెప్పాలంటే డీబగ్గింగ్. ప్రోగ్రామ్ మొత్తం చెడిందని తిట్టుకోకుండా, ఏ లైన్ దగ్గర ఆగిపోతోందో చూడటం.

1937లో, అంటే తన చదువు ఇంకా నడుస్తుండగానే, మద్రాసు మైలాపూర్‌లో ఇంటి దగ్గరి పిల్లల్ని పోగుచేసి చిన్న బృందం మొదలుపెట్టారు. ఆటలు, పాటలు, హిందీ, చదువు. దాని పేరు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్. అదే పెరిగి ఆంధ్ర మహిళా సభ అయింది. పిల్లల వెనకే వాళ్ళ అక్కలు, పిన్నులు, అమ్మలు వచ్చారు. వాళ్ళలో భర్త పోయినవాళ్ళున్నారు, భర్త వదిలేసినవాళ్ళున్నారు, బాల్యవివాహంతో చదువు ఆగిపోయినవాళ్ళున్నారు. తను పాసైన ఆ బెనారస్ మెట్రిక్‌కే వాళ్ళకి కోచింగ్ పెట్టించారు. పాసైనవాళ్ళు టీచర్లు కావచ్చు, నర్సులు కావచ్చు, ఆఫీసు పని చేయొచ్చు. చదువుతో పాటు చేతిపనుల శిక్షణ, నర్సింగ్ శిక్షణ, ఆంధ్ర మహిళ అనే పత్రిక, ఇలా ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. తర్వాతి కాలంలో సభ హైదరాబాద్‌కీ విస్తరించి హాస్పిటల్, కాలేజీలు, అక్షరాస్యత కేంద్రం నడిపింది.

ఒక్క విషయం గమనించాలి. అప్పటికే వితంతువులకి ఆశ్రయం ఇచ్చే సంస్థలు దేశంలో ఉన్నాయి. అన్నం పెట్టేవి, బట్టలిచ్చేవి. అది చిన్న సహాయమేమీ కాదు. కానీ ఆశ్రయంలో ఉన్నంతకాలం ఆ మనిషి ఇంకొకరి మీద ఆధారపడే ఉంటుంది. దుర్గాబాయి లెక్క వేరు. సంస్థలోకి వచ్చిన మనిషి కొన్నేళ్ళకి జీతం తీసుకుంటూ బయటికి వెళ్ళాలి. ఎంతమందికి చోటిచ్చాం అన్నదానికంటే ఎంతమంది సొంత కాళ్ళ మీద నిలబడ్డారన్నదే ఆవిడకి ముఖ్యం.

1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ పరిషత్తుకి ఎన్నికయ్యారు. అక్కడున్న పదిహేనుమంది మహిళల్లో ఒకరు. అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ. వందల సంఖ్యలో సవరణలు ప్రతిపాదించారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు ముప్పై అయిదు నుంచి ముప్పైకి తగ్గించాలన్నది వాటిలో ఒకటి, అది నిలిచింది. హిందూ కోడ్ బిల్లు చర్చల్లో ఆడవాళ్ళ ఆస్తి హక్కు వైపు గట్టిగా నిలబడ్డారు.

ఆస్తి హక్కుకీ మన టాపిక్‌కీ సంబంధమేంటి అనుకోవద్దు. ఎవరైనా చిన్న వ్యాపారం పెట్టాలంటే బ్యాంకు ముందు అడిగేది తాకట్టు. పేరు మీద సెంటు భూమి లేని మనిషి ఏం తాకట్టు పెడుతుంది? 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చినా, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు అందులో లేదు. ఆ హక్కుని ఆంధ్రప్రదేశ్ 1985 నుంచి అమల్లోకి తెచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. దుర్గాబాయి అప్పటికి లేరు.

1952 ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయారు. ఇంకొకరైతే అక్కడితో రాజకీయ జీవితం అయిపోయిందనుకునేవాళ్ళు. నెహ్రూ ఆవిడని ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు, సంఘ సంక్షేమం ఆవిడ బాధ్యత. 1953 జనవరి 22న అప్పటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ని పెళ్ళి చేసుకున్నారు. రిజర్వ్ బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నర్ ఆయనే. ఆవిడకి అప్పుడు నలభై మూడేళ్ళు. పెళ్ళికి సాక్షుల్లో నెహ్రూ ఒకరు. ఎనిమిదేళ్ళప్పుడు తనని అడక్కుండా జరిగిన పెళ్ళికీ, నలభై మూడేళ్ళకి తను ఎంచుకున్న పెళ్ళికీ మధ్య ఉన్నది చదువూ, సొంత కాళ్ళ మీద నిలబడ్డ జీవితమూ.

మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకి సహాయం కోసం నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ డబ్బు సరిగ్గా చేరాల్సినవాళ్ళకి చేరేలా 1953 ఆగస్టులో కేంద్ర సంఘ సంక్షేమ బోర్డు ఏర్పడింది, దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి. ఊళ్ళలో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలయ్యాయి. వాటిలో బాలవాడి, ప్రసూతి సహాయం, ఆడవాళ్ళకి అక్షరాలు, చేతిపనులు ఉండేవి. పట్టణాల్లో దిగువ మధ్యతరగతి ఇళ్ళ ఆడవాళ్ళకి అగ్గిపెట్టెల తయారీ లాంటి పనులు ఇప్పించే ప్రయత్నం జరిగింది. 1958 ప్రాంతంలో దీన్ని ఇంకాస్త పెంచి, చిన్న ఉత్పత్తి కేంద్రాలకి సహాయం చేసే పథకం తెచ్చారు.

ఇక్కడే ఆవిడకి పాత చిక్కు మళ్ళీ ఎదురైంది, ఈసారి దేశం సైజులో. ఊళ్ళలో పనిచేయడానికి గ్రామసేవికలు కావాలి, మంత్రసానులు, నర్సులు, టీచర్లు కావాలి. ఉద్యోగాలున్నాయి, మనుషులు దొరకట్లేదు. ఇంకో పక్క అదే ఊళ్ళలో పని కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు వేలమంది ఉన్నారు, ఉద్యోగం రావట్లేదు. మధ్యలో అడ్డు అదే కాగితం, కనీస విద్యార్హత. నాలుగో క్లాసో అయిదో క్లాసో చదివి మానేసిన పాతికేళ్ళ మనిషిని, మళ్ళీ చిన్నపిల్లలతో కూర్చుని అయిదారేళ్ళు చదవమంటే జరిగే పనేనా?

అందుకని 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టారు. మధ్యలో చదువు మానేసిన పెద్ద ఆడవాళ్ళకి దాదాపు రెండేళ్ళలో మిడిల్ స్కూల్ లేదా మెట్రిక్ పరీక్షకి తయారీ. నడిపేది స్వచ్ఛంద సంస్థలు, డబ్బిచ్చేది బోర్డు. పాసైనవాళ్ళు నేరుగా నర్సింగ్‌కో, టీచర్ ట్రైనింగ్‌కో, గ్రామసేవిక ఉద్యోగానికో వెళ్ళొచ్చు. మైలాపూర్‌లో ఇరవై ఏళ్ళ కిందట ఆవిడ చేసిందే ఇప్పుడు దేశానికి పథకం అయింది. ఇంకా వెనక్కి వెళ్తే, జైలు నుంచి వచ్చాక తన కోసం తను చేసుకున్నదే ఇది. తన జీవితంలో దొరికిన దారిని తన తర్వాత వచ్చేవాళ్ళకి రోడ్డుగా వేశారు.

అదే ఏడాది మహిళా విద్య మీద వేసిన జాతీయ కమిటీకి ఆవిడే అధ్యక్షురాలు. 1959లో ఇచ్చిన నివేదికలో, ఆడపిల్లల చదువుని మామూలు విద్యాశాఖ పనుల్లో ఒకటిగా కాకుండా ప్రత్యేక సమస్యగా చూడాలని, దానికి విడిగా నిధులూ యంత్రాంగమూ ఉండాలని చెప్పారు. తర్వాత 1962లో ఢిల్లీలో సామాజిక అభివృద్ధి మండలి స్థాపనలోనూ ఆవిడదే ముఖ్య పాత్ర. అభివృద్ధి అంటే డ్యాములు, ఫ్యాక్టరీలే కాదు, దాని వల్ల మనుషులకి ఏమైందో కూడా కొలవాలన్నది దాని వెనక ఆలోచన.

అన్నీ గెలిచాయని చెప్తే అబద్ధమవుతుంది. కోర్సులు పనిచేసినంత బాగా ఉత్పత్తి కేంద్రాలు పనిచేయలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. నర్సుకి హాస్పిటల్ ఉంది, టీచర్‌కి స్కూల్ ఉంది, నెల తిరిగేసరికి జీతం వస్తుంది. కుట్టిన బట్టకీ, అల్లిన బుట్టకీ కొనేవాడు ఉండాలి. ముడిసరుకు ఎక్కడ కొనాలి, ధర ఎంత పెట్టాలి, ఎవరికి అమ్మాలి, అప్పు ఎవరిస్తారు? కుట్టడం నేర్పడం ఒక పని, వ్యాపారం నేర్పడం వేరే పని. గ్రాంటు ఉన్నంతకాలం నడిచి, గ్రాంటు అయిపోగానే మిషన్లకి తాళం పడితే దాన్ని ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అనలేం. ఈ రోజు కూడా కుట్టుమిషన్ల పంపిణీ ఫోటోలు చూసినప్పుడు ఇదే ప్రశ్న వేసుకోవాలి.

ఆ విరిగిన మెట్టుని కొంతవరకు బాగుచేసింది ఆవిడ పోయాక వచ్చిన గ్రూపులు. 1982లో డ్వాక్రా పథకం మొదలైంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం చేసిన ఆడవాళ్ళు, సారాకి పోయే డబ్బుని పొదుపు చేయడం మొదలుపెట్టారు. పేరు మీద ఆస్తి లేకపోయినా, పదిమంది కలిసి ఒకరికొకరు హామీగా నిలబడితే బ్యాంకు అప్పిస్తుంది. తాకట్టుకి బదులు నమ్మకం. మనలో చాలామంది ఇళ్ళల్లో అమ్మో, అమ్మమ్మో, పక్కింటి ఆంటీయో డ్వాక్రా మీటింగుకి వెళ్ళినవాళ్ళే. అప్పు దొరకడమే అన్నిటికీ జవాబు కాదని 2010 మైక్రోఫైనాన్స్ గొడవలప్పుడు మన రాష్ట్రమే చూసింది. అప్పు తీసుకున్న మనిషికి లెక్క రాకపోతే, కాగితం చదవడం రాకపోతే, అప్పే ఉచ్చు అవుతుంది. చదువు నుంచి మొదలుపెట్టాలన్న దుర్గాబాయి మాట అక్కడ మళ్ళీ నిజమైంది.

1975లో ప్రభుత్వం ఆవిడకి పద్మవిభూషణ్ ఇచ్చింది. అదే సంవత్సరం ఆవిడ భర్తకి కూడా. 1981 మే 9న ఆవిడ కన్నుమూశారు.

ఆవిడ కాలానికీ మన కాలానికీ చాలా తేడా ఉంది. ఇప్పుడు మన క్లాసులో అమ్మాయిలు ఉన్నారు, హాస్టల్ ఉంది, ప్లేస్‌మెంట్లు ఉన్నాయి. స్టార్టప్ పెడతానంటే మెంటర్లు దొరుకుతారు. కానీ ఇవన్నీ ఇప్పటికే గేటు దాటి లోపలికి వచ్చినవాళ్ళకి. మనం కాంపిటీషన్లలో మహిళల కోసం యాప్ అని ఐడియాలు పెడతాం. ఆ యాప్ తెరవాలంటే ఫోన్ ఆవిడ చేతిలో ఉండాలి, ఖాతా ఆవిడ పేరు మీద ఉండాలి, స్క్రీన్ మీద ఉన్నది ఆవిడకి చదవడం రావాలి. మెస్‌లో వంట చేసే అక్కలు, హాస్టల్ ఊడ్చే ఆంటీలు ఎన్నో క్లాసులో ఆగిపోయారో మనలో ఎంతమందికి తెలుసు? టెన్త్ పాసైతే వాళ్ళకి ఇంకో పని, ఇంకాస్త మంచి జీతం దొరుకుతుందేమో ఎవరైనా అడిగారా? ఓపెన్ స్కూల్ ద్వారా ఏ వయసులోనైనా టెన్త్ రాసే వీలు ఇప్పుడు ఉంది. సాయంత్రం ఒక గంట లెక్కలు చెప్పడానికి మనకి ఫండింగ్ అక్కర్లేదు, పిచ్ డెక్ అక్కర్లేదు. 1937లో మైలాపూర్‌లో ఆవిడ దగ్గర కూడా అవేమీ లేవు.